రెండు చిగుళ్ళు

తెలుగులో లేత ఆకుకూ, పంటిని పట్టుకొని ఉండే మెత్తని కండకూ ఒకటే పేరు. రెండింటినీ చిగురు అనే అంటారు. ఈ పేరు పెట్టిన పూర్వులు ఏ పోలికను చూచారో గాని, పోలిక మాత్రం చక్కగా కుదిరింది. రెండూ లేత ఎరుపు. రెండూ సుకుమారమైనవి. మొక్కకు తెగులు సోకినా, ఒంటికి రోగం తగిలినా ముందుగా కబురు చెప్పేవి తరచుగా ఈ చిగుళ్ళే. చైత్రంలో మామిడికొమ్మ చిగురు తొడిగితే ఊరంతా తలయెత్తి చూస్తుంది. నోటిలోని చిగురు నెత్తురు కారితే మాత్రం ఆ నోరుగల మనిషే చూడడు. ఉమ్మివేసి, పుక్కిలించి, తన పనిమీద తాను వెళ్ళిపోతాడు.

దుగ్గిరాల ప్రాంతపు పసుపు రైతు ఒకాయన చాలా సంవత్సరాలు ఇలాగే గడిపాడు. వయస్సు అరవై ఎనిమిది. ఊహ తెలిసిన నాటినుండి వేపపుల్లతోనో, కానుగపుల్లతోనో పళ్ళు తోముకొన్న మనిషి. పుల్ల నమిలి కుంచెలాగా చేసుకొని, కాలువగట్టు మీద నడుస్తూ అరగంటసేపు తోమడం ఆయనకు దినచర్యలో భాగం. ఆ పుల్ల కొసన నెత్తుటి చార కనిపించడం మొదలైనప్పుడు "ఒంట్లో వేడి చేసింది" అనుకొన్నాడు. ఆ వేడికి మజ్జిగ తాగాడు. చార పోలేదు. పసుపులో ఉప్పు కలిపి చిగుళ్ళకు రాసుకొన్నాడు. నాలుగు రోజులు తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాశాడు. పసుపు దుంపను ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు తోలుకొని పోయిన చేతులవి. ఆ చేతులే పసుపును నమ్మకపోతే ఇక లోకంలో నమ్మేవారెవరు?

ఆయనకు మధుమేహం వచ్చి పదకొండేళ్ళయింది. పల్లెల్లో దానిని వ్యాధి అని కూడా అనరు, "షుగరు" అంటారంతే. మాత్రలు ఉన్నాయి గాని, పసుపు ఉడకబెట్టే రోజుల్లో వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. నోటిలోని నెత్తురుకూ, రక్తంలోని చక్కెరకూ ఏదో సంబంధం ఉన్నదని ఆయనకు తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదు. పంటినొప్పి ఒక వైద్యుని దగ్గరకూ, షుగరు మరొక వైద్యుని దగ్గరకూ వెళ్తాయి. నోరు శరీరంలో భాగం కానట్టే చాలాకాలంగా లోకవ్యవహారం నడుస్తున్నది.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చిన మనుమరాలు ఒకనాడు దోరజామకాయ కోసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కొరికి పక్కన పెట్టిన కాయమీద, తెల్లని గుజ్జులో, ఎర్రని మరక అర్ధచంద్రాకారంలో పడి ఉన్నది. "తాతయ్యా, ఇది ఎన్నాళ్ళనుండి?" అని ఆ అమ్మాయి అడిగింది. "పసుపు రాస్తున్నాలేమ్మా, తగ్గుతుంది" అన్నాడాయన. ఆ అమ్మాయి ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదువుతున్నది. తగ్గుతుందన్న మాట ఆమెకు నచ్చలేదు.

అయితే తాతగారి నమ్మకం నిరాధారమైనది కాదు. చెట్టుచేమల వల్ల చిగుళ్ళ వ్యాధి నయమైన ఉదంతం వైద్యచరిత్రలోనే ఒకటి ఉన్నది, అదీ ప్రఖ్యాతమైనది. 1747వ సంవత్సరంలో జేమ్స్ లిండ్ అనే యువవైద్యుడు సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో పనిచేస్తున్నాడు. ఆ కాలంలో నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు స్కర్వీ అనే వ్యాధి వచ్చేది. చిగుళ్ళు ఉబ్బి, నల్లబడి, నెత్తురు కారి, పళ్ళు ఊడిపోయేవి. ఒళ్ళంతా నీరసించి చివరకు ప్రాణం పోయేది. లిండ్ 12 మంది రోగులను ఎంచుకొని, ఇద్దరిద్దరుగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒక జంటకు పులిసిన ఆపిల్ రసం, ఒక జంటకు వెనిగర్, మరొక జంటకు ఏకంగా సముద్రపు నీరు. ఒక జంటకు మాత్రం రోజుకు రెండు నారింజపళ్ళూ, ఒక నిమ్మపండూ. ఆరు రోజులకే పళ్ళు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు లేచి పనిలోకి వెళ్ళగలిగాడు. లిండ్ తన గ్రంథాన్ని 1753లో ప్రచురించాడు. అయినా బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం పంచే ఏర్పాటు చేయడానికి 1795 వరకు పట్టింది. ఇంత చిన్న సత్యం ఓడ ఎక్కడానికి నలభై ఏళ్ళకు పైగా కావలసి వచ్చింది.

నిమ్మపండులోని ఆ గుణం ఏమిటో తెలియడానికి మరొక శతాబ్దం దాటింది. హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-జార్జీ 1928లో ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. తరువాత తన దేశంలో పండే పాప్రికా అనే ఎర్రమిరప రకం నుండి దానిని పుష్కలంగా తీశాడు. అదే సి విటమిను. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మిరపకూ, నిమ్మకూ, ఉసిరికీ, జామకూ ఉన్న ఈ చుట్టరికం గుంటూరు సీమ వారికి సంతోషం కలిగించక మానదు.

ఇక్కడే ఒక మెలిక ఉన్నది. స్కర్వీ లోపం వల్ల వచ్చే వ్యాధి. చిగురును పంటికి కట్టిపడవేసే కొల్లాజెన్ పోగులు గట్టిపడాలంటే సి విటమిను కావాలి. అది బొత్తిగా అందకపోతే పోగులు విడిపోతాయి. అందించగానే మళ్ళీ అల్లుకొంటాయి. ఎండిన చెరువుకు నీరు పెట్టడం వంటి పని అది. కాని పసుపు రైతు ఇంటిలో నిమ్మకు గాని, ఉసిరికాయ పచ్చడికి గాని, జామకు గాని కొరత ఎన్నడూ లేదు. ఆయన చెరువు ఎండలేదు, కలుషితమయింది. ఓడలోని నావికుని చిగురూ, దుగ్గిరాల రైతు చిగురూ చూడటానికి ఒకేలాగా నెత్తురు కారవచ్చు. కారణం మాత్రం వేరు.

ఆ కారణాన్ని నిరూపించినది కూడా 12 మందే కావడం విచిత్రం. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో హారల్డ్ లోయె అనే దంతశాస్త్రవేత్తా, ఆయన సహచరులూ ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతులైన 12 మందిని, వారిలో ఎక్కువమంది విద్యార్థులే, పళ్ళు తోముకోవడం పూర్తిగా మానివేయమన్నారు. 10 నుండి 21 రోజులలో ఒక్కరు కూడా తప్పించుకోకుండా అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టిన వారం పదిరోజులలో చిగుళ్ళు యథాస్థితికి వచ్చాయి. ఆ 12 మందిలో ఎవరికీ ఏ విటమినూ కొరవడలేదు. మారింది ఒక్కటే, పంటిమీది పాచి.

పాచి అంటే ఒట్టి తిండి మడ్డి కాదు. అది కోట్లాది సూక్ష్మజీవులు కాపురముండే పొర. దానిని తీయకుండా వదిలితే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి రాయిలాగా గట్టిపడుతుంది. అప్పుడు దానిని గార అంటారు. గార పుల్లకు రాదు, బ్రష్షుకు రాదు, ఉప్పుకు కరగదు. అది చిగురు కిందికి దిగేకొద్దీ చిగురుకూ పంటికీ నడుమ సందు లోతవుతుంది. ఆ సందులో చేరిన సూక్ష్మజీవులను చంపడానికి శరీరం తెల్ల రక్తకణాల దండును పంపుతుంది. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి ముందువరుస సైనికులు. అవి తాము పీల్చుకొన్న ఆక్సిజన్‌నే ఆయుధంగా మార్చి శత్రువుమీద చల్లుతాయి. ఆ ఆయుధాల పేరు ఫ్రీ రాడికల్స్. ఎలక్ట్రాను ఒకటి తక్కువై, దొరికిన అణువునుండల్లా దానిని లాక్కొనే ఆకలిగొన్న కణాలవి. శత్రువు చస్తుంది నిజమే. కాని పక్కనే ఉన్న చిగురు పోగులూ, చివరకు పంటిని మోసే ఎముకా కూడా ఆ మంటలో కాలుతాయి. దొంగను పట్టడానికి పెట్టిన నిప్పు ఇంటి దూలానికి అంటుకోవడం లాంటిదే ఇది.

ఆ నిప్పును అదుపులో ఉంచే పదార్థాలనే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. ఎలక్ట్రాను కోసం వెతుకులాడే కణానికి తమ ఎలక్ట్రానును దానంచేసి దానిని చల్లబరచడం వాటి పని. శరీరం తనంత తాను కొన్నింటిని తయారుచేసుకొంటుంది. మొక్కలు అంతకంటె ఎక్కువగా తయారుచేసుకొంటాయి, ఎందుకంటే వాటి అవసరం ఎక్కువ. మనిషి ఎండ ముదిరితే నీడకు పోతాడు. మొక్క పోలేదు. పగలంతా ఎండను భరిస్తూ, నీటిని విడగొట్టి, ఆక్సిజన్‌ను పుట్టిస్తూ ఉండే ఆకుకు తన నిప్పునుండి తాను కాపాడుకోవడం నిత్యకృత్యం. మామిడి లేతచిగురు ఎర్రగా ఉండడానికి కారణమైన ఆంథోసయనిన్లు అనే రంగుపదార్థాలు కూడా ఈ కోవకు చెందినవే. పచ్చదనం ముదిరేదాకా లేత ఆకును ఎండ దెబ్బనుండి కాపాడే గొడుగులవి. కొమ్మమీది చిగురు తనకోసం దాచుకొన్న మందు నోటిలోని చిగురుకు పనికివస్తుందా అన్నదే శాస్త్రజ్ఞుల ప్రశ్న.

మధుమేహం ఈ కథలో ఎక్కడ ప్రవేశిస్తుంది? దోసె పెనంమీద ఎర్రగా కాలడం అందరూ చూసేదే. పిండిలోని చక్కెరలూ, మాంసకృత్తులూ వేడికి ఒకదానితో ఒకటి అతుక్కొని ఆ రంగు, ఆ కమ్మదనం వస్తాయి. ఈ చర్యను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించాడు. రక్తంలో చక్కెర ఎక్కువైనవారి శరీరంలో ఇటువంటి చర్యే, వేడి లేకుండా, నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష కొలిచేది హిమోగ్లోబిన్‌కు అతుక్కొన్న ఈ చక్కెరనే. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు గనుక ఆ పరీక్ష గడచిన రెండు మూడు నెలల లెక్క చెబుతుంది. ముందురోజు ఉపవాసం చేసి ఆ పరీక్షను మోసగించడం సాధ్యం కాదు. అతుక్కొన్న చక్కెర మారి మారి చివరకు వదలని జిగురుగా తయారై చిగుళ్ళ రక్తనాళాలలో, కొల్లాజెన్ పోగులలో పేరుకుంటుంది. అది అక్కడి కణాలను ఊరకే రెచ్చగొడుతుంది. చిన్న పాచికి చిన్న మంట పుట్టవలసిన చోట పెద్ద మంట లేస్తుంది, ఆరవలసిన సమయానికి ఆరదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, గిలా నదీతీరంలో నివసించే పీమా తెగవారిలో మధుమేహం చాలా ఎక్కువ. వారిని దశాబ్దాలపాటు పరిశీలించిన వైద్యులు, మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ ఎముక కరిగే వ్యాధి లేనివారికంటె 2.6 రెట్లు ఎక్కువగా వస్తున్నదని 1990లో ప్రకటించారు. 1996లో మరొక సంగతి తేలింది. చిగుళ్ళ వ్యాధి ముదిరినవారికి ఆ తరువాతి కాలంలో చక్కెర అదుపు తప్పే ప్రమాదం కూడా ఎక్కువే. చిగురులోని మంటనుండి రక్తంలోకి చేరే రసాయనాలు ఇన్సులిన్ పనికి అడ్డుతగులుతాయి. చక్కెర చిగురును చెరుస్తుంది, చెడిన చిగురు చక్కెరను పెంచుతుంది. ఆర్హుస్‌లో పాచి ప్రయోగం చేసిన లోయె 1993లో చిగుళ్ళ వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నాడు. కన్ను, మూత్రపిండం, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండు అనే ఐదింటి పక్కన నోటికి కూడా ఒక పీట వేశాడన్నమాట. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన బృహత్తర సర్వే 2023లో ప్రచురితమయింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. వారిలో ఎందరు కంటి పరీక్ష చేయించుకొంటారో లెక్కపెట్టవచ్చు. చిగుళ్ళు చూపించుకొనేవారి కోసం మాత్రం వెతకవలసిందే.

మనుమరాలి పోరు పడలేక తాతగారు తెనాలిలోని ఒక దంతవైద్యురాలి దగ్గరకు వెళ్ళాడు. ఆమె అంకెలు చెక్కిన సన్నని కడ్డీతో చిగురు సందులు కొలిచింది. ఆరోగ్యమైన సందు మూడు మిల్లీమీటర్లు దాటదు. ఆయనకు ఆరూ ఏడూ ఉన్నాయి. కింది పన్ను ఒకటి వేలితో తాకితే కదిలింది. వేపపుల్ల అందినమేర, అంటే ముందువైపు, పళ్ళు తళతళలాడుతున్నాయి. లోపలివైపూ, పంటికీ పంటికీ నడుమా గార గోడకట్టి ఉన్నది. హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది.

"డాక్టరమ్మా, మరి పసుపు పనిచేయదా?" అని అడిగాడాయన. తన పళ్ళ సంగతి అడగలేదు. పసుపు సంగతి అడిగాడు.

"పనిచేస్తుంది తాతగారూ. గార తీసిన తరువాత పనిచేస్తుంది. గారమీద రాసిన పసుపు గోడకు రాసినట్టే" అన్నదామె.

ఆ ఒక్కమాటలో చాలా ఏళ్ళ పరిశోధన ఇమిడి ఉన్నది. పసుపులోని పచ్చని పదార్థం కర్క్యుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. అది ఫ్రీ రాడికల్స్‌ను చల్లబరుస్తుంది, వాపును రేకెత్తించే సంకేతాలను తగ్గిస్తుంది. పసుపు గాయాన్ని మాన్పుతుందన్న ఎరుకను అమెరికాలో కొందరు తమ నూతన కల్పనగా చూపి 1995లో పేటెంటు పొందారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి పోరాడగా 1997లో అది రద్దయింది. ఈ విజయం మనకు గర్వకారణమే. అయితే వంటింటి జ్ఞానం మనదని నిరూపించుకోవడం వేరు, ఆ జ్ఞానం ఏ వ్యాధికి, ఎంత మోతాదులో, ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షించుకోవడం వేరు. మొదటి పనిలో చూపిన ఉత్సాహం రెండవదానిలోనూ కావాలి.

కర్క్యుమిన్‌కు ఒక పెద్ద లోపం ఉన్నది. నోటితో మింగినది రక్తంలోకి చేరేది బహుస్వల్పం. పేగులూ, కాలేయమూ దానిని వెంటనే మార్చి బయటకు పంపివేస్తాయి. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాలలోని పైపరిన్‌ను కేవలం 20 మిల్లీగ్రాములు జతచేసి చూశారు. రక్తంలోకి చేరే పాలు సుమారు 20 రెట్లు పెరిగింది. పసుపుపాలలో మిరియాలపొడి వేసే ఇల్లాలికి ఈ లెక్క తెలియకపోవచ్చు గాని, చేయి మాత్రం సరియైన డబ్బామీదికే వెళ్ళింది. ఆ మిరియమే మరికొన్ని మందులను కూడా రక్తంలోకి ఎక్కువగా చేర్చగలదు. అందుచేత షుగరుకూ, రక్తపోటుకూ మందులు వాడేవారు మిరియం కలిపిన గాఢమైన పసుపు గోళీలను వైద్యునికి చెప్పకుండా మింగరాదు. కూరలో వేసే మిరియానికి ఈ హెచ్చరిక వర్తించదు.

దంతవైద్యులు మరొక దారి వెదికారు. మింగితే అందని మందును నేరుగా సందులోనే పెడితే సరిపోతుంది కదా! గార తీసి, సందు శుభ్రపరచి, కర్క్యుమిన్ కలిపిన జెల్లునో, చిన్నబిళ్ళనో అక్కడ ఉంచి, ఒట్టి శుభ్రతతో పోల్చి చూసే ప్రయోగాలు మన దేశపు దంతవైద్య కళాశాలలలోనే అనేకం జరిగాయి. వాటిలో చాలావాటిలో నెత్తురు కారడం తగ్గింది, సందు లోతు మరికొంత తగ్గింది. జపానులో తేయాకులోని కాటెచిన్లతో ఇలాగే చిన్న పట్టీలు చేసి సందులలో పెట్టి మేలు ఉన్నదని 2002లో ప్రకటించారు. అక్కడే 49 నుండి 59 ఏళ్ళ వయస్సుగల 940 మంది పురుషులను పరిశీలించగా, గ్రీన్ టీ ఎక్కువగా తాగేవారి చిగుళ్ళు మెరుగుగా ఉన్నాయని 2009లో తేలింది. జపాను వారు ఆ టీలో పంచదార వేసుకోరన్న సంగతి మన హోటళ్ళ అలవాటు ఎరిగినవారు గుర్తుపెట్టుకోవాలి. ద్రాక్షతొక్కలో ఉండే రెస్వెరట్రాల్‌ను ఇరాన్‌లోని అహ్వాజ్ నగరంలో, మధుమేహమూ చిగుళ్ళ వ్యాధీ రెండూ ఉన్న 43 మందిపై నాలుగు వారాలు పరీక్షించారు. చిగుళ్ళ చికిత్సకు తోడు రోజుకు 480 మిల్లీగ్రాములు తీసుకొన్నవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, సందు లోతు తగ్గింది. పరగడుపు చక్కెరలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో వెలువడిన ఫలితమిది.

ఈ ప్రయోగాలన్నింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. ఎక్కువభాగం చిన్నవి, కొన్ని వారాలో, నెలలో నడిచినవి. దాదాపు అన్నింటిలోనూ మొక్కల మందు శుభ్రతకు తోడుగా వచ్చిందే గాని శుభ్రతకు బదులుగా రాలేదు. పసుపు పట్టీకి పేరు వస్తే, దానికి ముందు కుర్చీలో పడుకోబెట్టి గంటసేపు గార గీకిన చేతికి పేరు రాదు. ఆ గీకుడు విలువ ఎంతో లెక్క తేలింది. 30 ప్రయోగాలలో పాల్గొన్న 2,443 మంది ఫలితాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2022లో వెలువడింది. చిగుళ్ళ చికిత్స జరిగిన మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గిందని అది తేల్చింది. ఇది వినడానికి చిన్నదే. కాని మధుమేహానికి మాత్ర మీద మాత్ర చేర్చుకొంటూ పోయేవారికి ఆ దశాంశం విలువ తెలుసు.

మంచిది గదా అని యాంటీ ఆక్సిడెంట్లను సీసాలకొద్దీ మింగడం మాత్రం ప్రమాదకరం. ఫిన్లాండులో పొగతాగే పురుషులు 29,133 మందిపై జరిగిన ప్రయోగంలో, క్యారెట్టుకు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను గోళీలుగా ఇచ్చి, ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుతుందని ఎదురుచూశారు. 1994లో ఫలితం వచ్చేసరికి అది 18 శాతం పెరిగి ఉన్నది. క్యారెట్టు చేయని కీడు గోళీ చేసింది. ఫ్రీ రాడికల్స్ శరీరానికి శత్రువులు మాత్రమే కావు, ఆయుధాలు కూడా. వాటన్నింటినీ ఆర్పివేయాలనుకోవడం వంటింటి పొయ్యిని కూడా అగ్నిప్రమాదంగా భావించి నీళ్ళు పోయడమే అవుతుంది. ఆకులో, కాయలో, పీచుతోపాటు అందేది తగుమాత్రంగా అందుతుంది. దానికి మించిన గోళీని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వరాదో పెద్ద పరీక్షలే తేల్చాలి.

ఆకులూ, కాయలూ శరీరానికి అందాలంటే అవి ముందు నమలబడాలి. ఈ సంగతి ఎంత సామాన్యమైనదో అంతగా మరుగున పడింది. పళ్ళు కదిలిన మనిషి మొదట జామకాయ మానుతాడు. తరువాత వేరుశనగలు, జొన్నరొట్టె, గోరుచిక్కుడు మానుతాడు. చివరకు మెత్తగా ఉడికిన తెల్లన్నమూ, పప్పుకట్టూ, బిస్కెట్లు ముంచిన టీయే గతి అవుతాయి. వీటిలో ఎక్కువభాగం చక్కెరను త్వరగా పెంచేవే. చిగురు చెడితే మందు పెరటిలో కాస్తూనే ఉంటుంది గాని నోటికి రాదు. తాతగారు జామకాయను పక్కన పెట్టిన నాడు మనుమరాలు చూసింది ఒక మరకను మాత్రమే. ఆయన ఏడాదికాలంగా ఏమేమి పక్కన పెడుతూ వచ్చాడో ఇంటిల్లిపాదికీ ఆ తరువాత గుర్తుకు వచ్చింది.

గార రెండు విడతలుగా తీశారు. కదిలిన పన్ను దక్కలేదు, తీసివేయవలసి వచ్చింది. అంతకుముందు రెండేళ్ళ క్రితం వచ్చి ఉంటే నిలిచేదేమో. వైద్యురాలు ఆ మాట పైకి అనలేదు. ఆయనే అన్నాడు. వేపపుల్లను ఆమె మానమనలేదు. ఉదయం పుల్ల ఆయన ఇష్టం, రాత్రి పడుకోబోయే ముందు మెత్తని బ్రష్షు తప్పనిసరి, పళ్ళ నడుమ శుభ్రానికి చిన్నకుంచె, మూడు నెలలకొకసారి పరీక్ష అని చీటీ రాసి ఇచ్చింది. మాత్రలు వేసుకొనే బాధ్యతను మనుమరాలు తన ఫోనుకు అప్పగించింది. పొలంలో ఉన్నా సరే, ఎనిమిది గంటలకు అది మోగుతుంది. "దీని నోరు మూయించడానికైనా మాత్ర వేసుకోవలసి వస్తున్నది" అని ఆయన విసుక్కొనేవాడు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.3కు దిగింది. "అంతా క్లీనింగు వల్లనేనా, డాక్టరమ్మా?" అని ఆయన ఉబలాటంగా అడిగాడు. "మాత్రల వల్ల కొంత, క్లీనింగు వల్ల కొంత. వాటాలు పంచడం నావల్ల కాదు తాతగారూ" అని ఆమె నవ్వింది. సందులు నాలుగుకు వచ్చాయి. పసుపు రాసుకోవచ్చునా అని ఆయన మళ్ళీ అడిగాడు. రాసుకోవచ్చునన్నది. "మా పసుపేనా?" అన్నాడు. "మీదే" అన్నది.

తెనాలి నుండి తిరిగి వచ్చిన సాయంత్రం పెరటిలోని చెట్టునుండి ఆయనే ఒక దోరకాయ కోశాడు. మనుమరాలు చాకుతో నాలుగు ముక్కలు చేసి, ఉప్పూ కారమూ అద్ది పళ్ళెంలో పెట్టింది. ఆయన ఒక ముక్కను ఎడమవైపు దవడతో, మెల్లగా, సగం కొరికాడు. మిగిలిన సగాన్ని వెలుతురు వైపు తిప్పి చూసుకొన్నాడు. గుజ్జు తెల్లగానే ఉన్నది. ఆ సగమూ నోట వేసుకొని రెండో ముక్క అందుకొన్నాడు.